నీటి బరువు

నా భార్య కస్తూరి పోయి పదకొండు నెలలయింది. ఆమెకు వచ్చింది రొమ్ము కాన్సరు. కానీ ఆమెను ముందు పడేసింది గుండె. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. కాన్సరు వచ్చిన ఇంట్లో అందరి కళ్ళూ గడ్డ మీదే ఉంటాయి. గడ్డ తగ్గిందా, పెరిగిందా అని అడిగేవాళ్ళే గాని, గుండె ఎలా ఉందని అడిగేవాళ్ళు ఉండరు. అలాంటి ఇంట్లో ఇప్పుడు ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ పంతొమ్మిది నెలల్లో నాలో భయం ఉంది, అలసట ఉంది. వాటన్నిటి కంటే ఎక్కువగా ఉన్నది అసూయ. దాన్ని వదిలేసి రాస్తే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

మాది తమిళనాడులో వేలూరు దగ్గరున్న గుడియాత్తం. నాకు నూలు కొట్టు ఉంది. నేతగాళ్ళకు నూలు తూచి ఇస్తాను, వాళ్ళు నేసిన లుంగీలు తూచి తీసుకుంటాను. కొందరు కాస్త నూలు మిగుల్చుకుని, ఆ తరుగు కనిపించకుండా బట్ట మీద నీళ్ళు చల్లి తెస్తారు. తడి సంగతి కాటా చెప్పదు. మడత మధ్యలో వేళ్ళు పెట్టి చూస్తే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళలో ఈ విషయంలో నన్ను మోసం చేసినవాళ్ళు లేరు.

ఆడి నెల (జూలై, ఆగస్టు)

స్నానం చేస్తుండగా గడ్డ చేతికి తగిలిందని కస్తూరి చెప్పింది. తగిలిన రోజే చెప్పింది. అప్పట్లో నాకు అన్నీ చెప్పేది.

వేలూరులో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక, మందు ఎక్కించే ముందు గుండెకు ఎకో తీయాలన్నారు.

"గడ్డ ఈడ ఉంటే గుండెకాయను ఎందుకు చూస్తారు మామా?" అని అడిగింది. ఆమె మా మేనమామ కూతురు. బావను మా వైపు మామా అనే అంటారు, పెళ్ళికి ముందు నుంచీ నన్ను అలాగే పిలిచేది.

"మందు గట్టిదంట. గుండె తట్టుకుంటాదో లేదో చూసి ఇస్తారంట."

ఎకో గది బయట బెంచీల మీద ఇరవై ముప్పై మంది కూర్చుని ఉంటారు. లోపలికి వెళ్ళి వచ్చిన ప్రతివాళ్ళనూ మిగిలినవాళ్ళు ఒకటే అడుగుతారు, ఎంత వచ్చిందని. గుండె ఒకసారి ముడుచుకుంటే తనలోని రక్తంలో నూటికి ఎంత బయటికి నెట్టగలదో చెప్పే అంకె అది. అరవై దగ్గర ఉంటే మంచిది. బాగా పడిపోతే మందు ఆపేస్తారు. పిల్లల మార్కుల్లాగా అక్కడ అందరూ దాన్ని పోల్చుకుంటారు.

మా పక్కన కూర్చున్నామె కనియంబాడి నుంచి వచ్చింది. పేరు ఎస్తేరు. బూట్ల కంపెనీలో మిషను మీద తోలు కుడుతుంది. ఆమె భర్త యేసుపాదం ఒక కాలేజీలో వాచ్‌మన్. మా మాటలు విని ఆమె తిరిగి చూసింది.

"మీరు తెలుగా అక్కా? మేమూ తెలుగేను. మాట్లాడేది వస్తాది, చదివేది రాదు."

"నాకూ రాదులే. ఈయన చదువుతాడు ఇద్దరికీ సరిపడా" అంది కస్తూరి.

మా నాయన కొట్టులో కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పించాడు. చిత్తూరు వెళ్ళినప్పుడల్లా పుస్తకాలు కొనుక్కొస్తాను. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి సాయంత్రం కస్తూరికి ఒక గంట చదివి వినిపించేవాణ్ణి.

ఆ రోజు కస్తూరికి అరవై రెండు, ఎస్తేరుకు యాభై ఎనిమిది వచ్చింది.

"నేనే ఫస్టు" అంది కస్తూరి.

"నాలుగు మార్కులే గదక్కా. పెద్ద పరీక్షలో చూపిస్తాను నీకు" అంది ఎస్తేరు. అంత భయంలోనూ ఇద్దరూ నవ్వారు.

మందు గురించి ఒక కాగితం ఇచ్చారు. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తమిళం. దాన్ని నేనే ఇద్దరికీ తెలుగులో చదివి చెప్పాను. కాళ్ళు వాచినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే రావాలని అందులో ఉంది. నా నోటితో నేనే చదివాను. చదివి, మడిచి, సంచిలో పెట్టాను.

పురటాసి, ఐప్పసి (సెప్టెంబరు నుంచి నవంబరు)

మూడు వారాలకు ఒకసారి ఎర్రరంగు మందు ఎక్కించేవాళ్ళు. ఎస్తేరుకూ అదే మందు, అదే రోజు. రెండు సార్లు ఎక్కించేసరికి కస్తూరి యాభై ఆరు కిలోల నుంచి యాభైకి వచ్చింది. ఏమీ తినలేకపోయేది. జోలార్పేట నుంచి మా అక్క చూడటానికి వచ్చి గుమ్మంలోనే నా మీద విరుచుకుపడింది.

"ఏం పెడతా ఉండావురా దీనికి? పుల్ల మాదిరి అయిపోయింది! కొట్టు చూసుకుంటావే గాని పెండ్లాన్ని చూసేది లేదా?"

ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి కూడా బరువు తగ్గనివ్వద్దంది. అప్పటి నుంచి రోజూ పొద్దున కొట్టు తెరిచే ముందు కస్తూరిని నూలు కాటా మీద నిలబెట్టేవాణ్ణి. నేను చేయగలిగిన పని అదొక్కటే అనిపించేది.

మూడో మందు తరువాత అంకె పెరగడం మొదలైంది. యాభై ఒకటి, యాభై రెండున్నర, యాభై నాలుగు. నేను ఎవరు వస్తే వాళ్ళకు చెప్పాను. నేతగాళ్ళకు చెప్పాను. మా అక్కకు ఫోన్ చేసి, "ఇప్పుడు వచ్చి చూడు" అన్నాను. మళ్ళీ యాభై ఆరు చూపించిన రోజు అరకిలో మైసూరుపాకు తెచ్చి కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ పంచాను. కస్తూరి కాటా మీద నిలబడే నన్ను చూస్తూ ఉంది.

"నీకు సంతోషమేనా మామా?"

"ఏమ్మే, సంతోషం గాక?"

"సరి" అని దిగి లోపలికి పోయింది.

ఆ నెలల్లోనే ఆమె ఎస్తేరుకు దగ్గరైంది. మందు ఎక్కించే హాల్లో ఇద్దరూ పక్కపక్క కుర్చీలు అడిగి తీసుకునేవాళ్ళు. నేను కాఫీ తెచ్చేసరికి తలలు దగ్గరగా పెట్టుకుని మాట్లాడుతుండేవాళ్ళు. నన్ను చూడగానే మాట ఆగేది. ఇంటి దగ్గర మధ్యాహ్నం పూట కొట్టు వెనక నూలు మూటల మీద కూర్చుని ఫోన్లో మాట్లాడేది.

"ఏం మాట్లాడుకుంటారు అంతసేపు?"

"సుమ్మా."

ఊరకే అని ఆ తమిళ మాటకు అర్థం. ఊరకే మాట్లాడేదానికి ఆమె గొంతు అంత తగ్గదని నాకు తెలుసు.

నాకు అసూయ కలిగింది. మొదట ఎస్తేరు శరీరం మీద. రెండో మందు తరువాత కూడా ఆమె అన్నం తినేది, బస్సులో నిలబడే వచ్చేది. తరువాత ఆమె అంకె మీద. మూడో మందుకు ముందు తీసిన ఎకోలో కస్తూరి యాభై నాలుగుకు దిగింది, ఎస్తేరు యాభై ఎనిమిది దగ్గరే ఉంది. యాభై నాలుగు పర్వాలేదన్నారు, మందు ఎక్కించారు. కానీ నాకు మాత్రం ఎవరో మా ఇంటి నుంచి తీసుకెళ్ళి ఆమెకు ఇచ్చినట్టు ఉండేది. చివరికి ఆ మాటల మీద. సాయంత్రం నేను చదువుతుంటే కస్తూరి వినేది, కానీ ఇదివరకటిలా మధ్యలో ఆపి ఆ రోజు జరిగిన సంగతులు చెప్పేది కాదు. అవన్నీ మధ్యాహ్నమే వేరే మనిషికి చెప్పేసి ఉండేది. ముప్పై ఏళ్ళు నాకు వచ్చినది, నాలుగు నెలల పరిచయం ఉన్న మనిషికి పోతోంది.

ఒక రోజు ఉదయం పది గంటలప్పుడు కస్తూరి ఫోన్ కొట్టు బల్ల మీద ఉండగా మోగింది. నేను తీశాను.

"అక్క ఉండాదా అన్నా?" ఎస్తేరు.

కస్తూరి పెరట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

"నిద్రపోతా ఉండాది" అన్నాను.

"అన్నా... అక్క కాళ్ళు నువ్వు..."

"కొట్టులో మనుషులుండారమ్మా. తరువాత మాట్లాడతాది" అని పెట్టేశాను. కొట్టులో ఎవరూ లేరు. ఎస్తేరు ఫోన్ చేసిందని కస్తూరికి చెప్పలేదు. మరునాడు చేసినప్పుడు అసలు తీయలేదు.

కార్తీక నెల

ఆ తరువాత రెండో రోజు నాలుగో మందుకు బయలుదేరాం. గుడియాత్తం స్టేషన్లో మెట్లెక్కేటప్పుడు కస్తూరి రెండుసార్లు ఆగింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. లత్తేరి దాటాక నోరు తెరిచి గాలి పీల్చడం మొదలుపెట్టింది. పెదవుల రంగు మారింది. ఎదుటి సీటులో పూలబుట్టతో ఉన్న ముసలామె లేచి, బుట్టను కాలితో పక్కకు నెట్టి, కస్తూరిని ముందుకు వంచి తన భుజం మీద ఆనించుకుంది. కాట్పాడి వచ్చేదాకా అలాగే పట్టుకుంది. దిగే తొందరలో ఆమె పేరైనా అడగలేదు.

కాట్పాడి నుంచి అంబులెన్సులో వెళ్ళాం. గుండె డాక్టరమ్మ వచ్చి కస్తూరి చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి, మోకాలి కింద బొటనవేలితో నొక్కి వదిలింది. వేలి గుంట అలాగే నిలబడిపోయింది.

"ఎన్ని రోజులుగా ఈ వాపు?"

నాకు తెలియదు. కస్తూరి మాట్లాడే స్థితిలో లేదు. మందుకు వచ్చిన ఎస్తేరు సంగతి తెలిసి అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మూడు వారాలు డాక్టర్. పడుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతా ఉండింది" అంది. అంటూ నా వైపు చూడలేదు.

ఆ గుంట ఇంకా పూడలేదు. నేను దాన్నే చూస్తున్నాను. నీళ్ళు. నేను మైసూరుపాకు పంచింది నీళ్ళకు. తడి బట్టను ఒక్క వేలితో కనిపెట్టేవాణ్ణి, ఇరవై రోజులు పొద్దున్నే ఆమెను చెయ్యి పట్టి కాటా ఎక్కించాను, వంగి ఆమె కాలి మీద వేలు పెట్టి చూడలేదు.

ఎకోలో ఇరవై ఎనిమిది వచ్చింది. డాక్టరమ్మ తెర మీద చూపిస్తూ చెప్పింది. కాన్సరు కణాలను చంపే మందు కొందరిలో గుండె కండను కూడా దెబ్బతీస్తుంది. కండ బలం తగ్గితే గుండె ఎడమ గది సాగి వెడల్పవుతుంది, గోడ పలచబడుతుంది. వచ్చిన రక్తాన్ని పూర్తిగా నెట్టలేదు. వెనక నిలిచినది నీరుగా ఊపిరితిత్తుల్లోకి, కాళ్ళలోకి దిగుతుంది. "మందు ఒక్కటే కాదు" అని కూడా అంది. "జబ్బు ఒంట్లో కండ అంతా కరిగిస్తుంది కదా. గుండె కూడా కండే." బయటికి ఆమె బరువు పెరుగుతూ ఉన్న రోజుల్లో లోపల ఆమె తరిగిపోతూనే ఉందన్న మాట.

నీరు దిగే మందులు ఇచ్చారు. ఆరు రోజుల్లో ఏడు కిలోలు తగ్గింది. కాస్త మాట వచ్చాక అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు కస్తూరీ?"

"కాటా మీద అంకె చూసేటప్పుడు నీ మొహం ఎట్లుంటాదో నీకు తెలీదు మామా. ఎన్ని నెలలకు నవ్వినావు. చెడగొట్టేదానికి మనసు రాలా."

"ఎస్తేరుకు చెప్పినావే."

"ఆమె నవ్వితే ఏమి, ఏడ్చితే ఏమి నాకు? ఎవురికో ఒకరికి చెప్పల్ల గదా."

ఆ ఫోన్ సంగతి అప్పుడు చెప్పాను. "ఎస్తేరును మాత్రం ఏమీ అనొద్దు. ఎవురికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఎస్తేరు దగ్గర అని ఉంటుందని నాకు తోచింది. ఆ క్షణంలో కూడా అసూయే.

ఆ తరువాత పదిహేను నెలలు

గుండె మాత్రలతో అంకె ఇరవై ఎనిమిది నుంచి నలభై రెండుకు ఎక్కింది. "నీళ్ళలో నానిన లుంగీ మళ్ళీ ఇస్త్రీకి వచ్చినట్టుండాది" అని కస్తూరే నవ్వింది. కానీ ఎర్రమందు మళ్ళీ ఇవ్వడానికి లేదు. వేరే మందులు ఇచ్చారు. పెద్ద ఆపరేషన్ చేశారు. ఎస్తేరు అన్ని మందులూ పూర్తి చేసుకుంది. ఆఖరి మందు రోజు యేసుపాదం హాల్లో నర్సులందరికీ కేకు ముక్కలు పంచుతూ నాకూ ఒకటి ఇచ్చాడు. తీసుకుని, వరండాలోకి వెళ్ళి, తినకుండా చెత్తబుట్టలో వేశాను.

మే నెలలో, మా ఊళ్ళో గంగమ్మ తలను ఊరేగించే శిరసు పండగ నాటికి కస్తూరి వీధి చివరిదాకా నడిచి చూసొచ్చింది. అవి మాకు మంచి రోజులు. పండగ తరువాత కాలేయంలో మచ్చలు కనిపించాయి. కాన్సరు డాక్టరు ఏ గట్టిమందు పేరు చెప్పినా, గుండె తట్టుకోదని గుండె డాక్టరమ్మ అనేది. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఒక ఉదయం ఇంట్లోనే పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆవణి నెల (ఆగస్టు, సెప్టెంబరు)

ఏడు నెలల తరువాత ఎస్తేరు ఫోన్ చేసింది. చెకప్‌కు పోవాలి, కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, వచ్చి చదివి పెడతావా అన్నా అని. యేసుపాదానికి సెలవు దొరకలేదట. వెళ్ళాను. కాగితాల కోసం కాదు. కస్తూరి చెప్పినవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. నావి అనుకున్నవి. వాటి కోసం వెళ్ళాను.

బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "నా గురించి ఏమన్నా చెప్పేదా?"

"చెప్పేది అన్నా. నువ్వు పుస్తకం చదివేటప్పుడు శానా బిరీన చదువుతావంట. సగం అర్థమయ్యేది కాదంట."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ముప్పై ఏండ్లు చెప్పలేదు, ఇప్పుడేం చెప్పేది అని నవ్వేది." ఎస్తేరు కూడా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. నేను చూశాను.

"ఏమమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మెట్లెక్కితే మూచ్చు వాంగుతా ఉండాది అన్నా." ఆయాసం వస్తోందని. "రెండు మూడు తలగడలు పెట్టుకుంటే గాని పడుకోలేను. నెల అయింది. ఆయనకు చెప్పొద్దు."

"డాక్టరుకు?"

"ఈ రోజు గడ్డ చూసే డాక్టరు మాత్రమే. మా ఆయనేమో చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినాడు అన్నా, నా పెండ్లాము పూర్తిగా బాగయిందని. మైకులో చెప్పినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఇప్పుడు ఏ మొహంతో చెప్పేది? ఈస్టరు దాకా కానీ, తరువాత చూస్తాము. నీకు చెప్పినాను, నాకు చాలు."

ఈస్టరుకు ఇంకా ఏడు నెలలు ఉంది.

ఒక్క మాట నిజంగా రాయాలి. అది విన్నప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. ఒక మనిషి తన భర్తకు చెప్పనిది నాకు చెప్పింది. కస్తూరి ఎస్తేరును కూర్చోబెట్టిన చోట ఎస్తేరు నన్ను కూర్చోబెట్టింది. సాయంత్రం రైల్లో గుడియాత్తం వచ్చేదాకా ఆ సంతోషం ఉంది. మరునాడు కూడా ఉంది. కొట్టులో ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా దాన్ని దాచుకుని తిరిగాను. నేను చెప్పేస్తే ఎస్తేరు ఇక నాతో మాట్లాడదు. కస్తూరి మాటలు ఇంకా ఎన్ని ఉన్నాయో అవన్నీ ఆమెతోనే ఉండిపోతాయి. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలిసినట్టు వేలూరు జిల్లాలో ఇంకెవరికీ తెలియదు.

మూడో రోజు పొద్దున యేసుపాదానికి ఫోన్ చేశాను.

"మీ ఇంటావిడకు ఆయాసంగా ఉండాది. పడుకోలేకుండా ఉండాది. ఈ రోజే ఎకో తీపించు."



"నీకెట్లా తెలుసు అన్నా?" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. "నాకు చెప్పలేదు. నీకెందుకు చెప్పింది?"

"అది తరువాత అడుగు. ముందు కాళ్ళు చూడు. వేలితో నొక్కి చూడు."

ఎకోలో ముప్పై ఆరు వచ్చింది. కొందరిలో మందు పూర్తయిన ఏడాదికో, ఇంకా ఆలస్యంగానో గుండె ఇలా దిగుతుందట. అందుకే ఎర్రమందు తీసుకున్నవాళ్ళు ఆ తరువాత కూడా అప్పుడప్పుడు ఎకో తీయించుకోవాలి. తొందరగా వచ్చారు కాబట్టి మాత్రలతో చూడవచ్చు అన్నారట. ఇప్పుడు నలభై ఎనిమిది.

ఎస్తేరు నాకు ఒక్కసారే ఫోన్ చేసింది. "నిన్ను నమ్మి చెప్పినాను. నేను అక్క మాట దాచినాను, నా మాట నువ్వు దాచలేదు" అని పెట్టేసింది. ఆమె దాచడం వల్ల ఏమయిందో, నేను అడ్డుపడటం వల్ల ఏమయిందో మా ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరం ఆ మాట అనుకోలేదు. మళ్ళీ ఆమె చేయలేదు. నేను చేస్తే తీయదు.

యేసుపాదం మాత్రం ఆదివారం ఆదివారం చేస్తాడు. పోయిన వారం గొంతు అలసిపోయి ఉంది.

"ఇప్పుడు అన్నీ నాకే చెప్తా ఉండాది అన్నా. ఈడ నొప్పి, ఆడ నొప్పి, ఈ మాత్ర వద్దు, ఆ మాత్ర చేదు. సాక్ష్యం ఎవడు చెప్పమన్నాడని నిన్న ఒక గంట తిట్టింది. తల తినేస్తా ఉండాది."

"ఏమని తిట్టింది?" అని అడిగాను.

"ఎందుకులే అన్నా."

"చెప్పప్పా. మొదటి నుంచి చెప్పు."

అతను చెప్పాడు. నేను కొట్టు తలుపు మూసుకుని చివరిదాకా విన్నాను. అతని మీద నాకు అసూయగా ఉంది.